నూట అరవై ఒక్క మెట్లు

వాల్పరైసోలో నేల ఎక్కడా చదునుగా ఉండదు.
ఉందంటే అది సముద్రమే.

తెల్లారకముందు నుంచీ రేవులో చేపల పొలుసు గీకి,
చేతులకు నిమ్మతొక్క రుద్దుకుని,
సాయంత్రం ఐదుకల్లా కొండ కింద నిలబడతాను:
నేలిదా, నలభై మూడేళ్లు,
అగ్నిమాపక దళంలో జీతం లేని కొత్త మనిషిని.

మా వీధి కాలిన రాత్రి
ఎవరో గొట్టం నా చేతిలో పెట్టి లాగమన్నారు.
ఇరవై అడుగులు లాగాను.
ఇరవై ఒకటోది పడలేదు.
ఇదంతా ఆ ఒక్క అడుగు కోసం.

కెప్టెన్ ఒల్మేదో, ఒకప్పుడు క్రేన్ నడిపినవాడు,
మెడలో ఈల వేసుకుంటాడు, ఊదడు.
బలం చూపించమంటాడనుకున్నాను.
నిండు బకెట్ ఇచ్చి ఒలకకుండా నడవమన్నాడు.
ఒలికింది.
కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమన్నాడు.
నాలుగు లెక్కపెట్టేలోపు
కొండ కొండంతా నా మీదికి ఒరిగింది.
వంగి కాలివేళ్లు అందుకోమన్నాడు.
ఈ వేళ్లకీ ఆ వేళ్లకీ నడుమ
ఇరవై ఏళ్లు నిలబడి చేపలు కోసినంత దూరం.

"పొగలో నీకు కళ్లుండవు, పాదమే చూడాలి.
ఇరుకు కిటికీలో దూరేది వంగే నడుమే.
బలమా? అదీ ఉండాలి,
వచ్చిన చుట్టాల్లో ఒకటిగా.
ఇల్లంతా తనదే అనుకునే చుట్టం అది."

చేపల త్రాసు మీద నిలబడ్డాను, డెబ్బై తొమ్మిది.
చెబితే తలూపాడు:
"మోసేవాటిలో మొదటి మూట నువ్వే."
చాటుగా సిగరెట్ వెలిగించిన యేర్కోతో
"దమ్ము కావాలంటే దమ్ము మానెయ్" అన్నాడు, అంతే.

ఇరవై కిలోల గొట్టం చుట్ట భుజాన,
నూట అరవై ఒక్క మెట్లు.
మొదటి వారం అరవయ్యో మెట్టు దగ్గర
గుండె చెవుల్లోకి వచ్చింది,
నోట్లో ఇనుము రుచి.
రెండో వారం డెబ్బై రెండు.
మూడో వారం డెబ్బై రెండే.
నాలుగో వారం అరవై ఎనిమిది.
లెక్కలు రాసుకునే పుస్తకాన్ని
చేపలు కడిగిన నీళ్లలో పడేశాను.
మళ్లీ తీసి ఆరబెట్టాను.

బుధవారం విశ్రాంతి అన్నాడు.
ఎవరికీ చెప్పకుండా బుధవారమూ ఎక్కాను.
పిక్క పట్టేసింది, తడిగుడ్డ మెలిపెట్టి పిండినట్టు.
కుంటుకుంటూ వచ్చిన నన్ను తిట్టలేదు.
"మెట్ల మీద కండ చిరుగుతుంది,
నిద్రలో కుట్టుకుంటుంది.
కుట్టేదాని చేతిలోంచి గుడ్డ లాక్కుంటే ఎలాగ?"

ఆ పది రోజులూ మెట్ల మీద కూర్చుని
దోన్యా ఎదూవిహిస్‌ని చూశాను.
డెబ్బై ఎనిమిదేళ్లు.
ఒక చేత బంగాళాదుంపలు, ఒక చేత కిరోసిన్ డబ్బా.
పదహారు మెట్లు గబగబా.
పిల్లితో ఒక మాట.
పదహారు మెట్లు గబగబా.
వంకాయరంగు తలుపు మీద చెయ్యి, ఒక నిట్టూర్పు.
మళ్లీ పదహారు.
చివరి మెట్టు నుంచి వెనక్కి తిరిగి,
ఆయాసమన్నది లేకుండా, అరిచింది:
"ఇన్నాళ్లుగా ఎక్కుతున్నావు,
ఆ పిల్లి పేరేమిటో తెలుసా నీకు?"

నిన్న పరీక్ష.
పొగమంచు. రేవులో ఏదో ఓడ బొంగురు కూత.
పదహారు మెట్లకోసారి ఊపిరిని దిగనిచ్చాను.
మరిస్కాల్, అని పిలిచాను.
పిల్లి తల కూడా ఎత్తలేదు.
నూట ఇరవై దగ్గర తొడలు అబద్ధం మొదలుపెట్టాయి,
ఇంక మావల్ల కాదని.
నూట యాభై తర్వాత లెక్కే పోయింది.

గొట్టం దించి, గెలిచాననుకుని
చేతులెత్తబోతే
కెప్టెన్ మణికట్టు పట్టుకున్నాడు.
"నూట డెబ్బై నాలుగు. ఇంతదాకా ఎవరైనా తెస్తారు.
ఇప్పుడు ఊరికే నిలబడు. పరీక్ష ఇది."

ఒక నిమిషం.
కింద రేకుల ఇళ్లు, పసుపు, నీలం, తుప్పు,
మంచులోంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి.
నా లోపల పరిగెత్తిపోయినదేదో
ఇంటిదారి పట్టింది,
దారిలో ఎవరినో పలకరిస్తూ.

"నూట ముప్పై ఒకటి" అన్నాడు.
మంచిదో కాదో చెప్పలేదు.
పుస్తకంలో నా పేరు రాసుకుంటూ,
"బుధవారం మాత్రం రాకు" అన్నాడు.